ఉన్న జుట్టు, వరంగల్

పోయిన నెల మన బజారు సంఘం పత్రికలో మా యారాలి మరణవార్త వేశారు. ఫొటో కింద నాలుగు వాక్యాలు. మూడు సరిగ్గానే ఉన్నాయి. ఆమె పోయింది, నిజమే. వయసు కూడా మీరు వేసిందే. ఆమె ఉంటే రెండేళ్లు తగ్గించి వేయమని కబురు పంపేది. కానీ "భర్త నడిపిన తలనూనె వ్యాపారంలో ఆయనకు చేదోడు వాదోడుగా నిలిచారు" అని రాశారే, అది తప్పు. సవరణ వేయడం వేయకపోవడం మీ ఇష్టం, చదివేవాళ్లకు మాత్రం నేను చెప్పే పోతాను. మా బావగారు దేవుడిలాంటి మనిషి. కొట్లో కూడా దేవుడిలాగే కూర్చునేవారు, కదలకుండా. వ్యాపారం ఆమెది. చేదోడు ఆయన.

యారాలంటే మా వైపు తోటికోడలు. మా ఆయన అన్నగారి భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి మొన్న మొన్నటి దాకా ఇద్దరిదీ ఒకటే వంటిల్లు. అంతకాలం ఒకే పొయ్యి ముందు నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు ఎన్నడూ కొట్టుకోలేదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆమె పోయిన రోజు మధ్యాహ్నం కూడా వంకాయ కూరలో కారం ఎక్కువైందని నా మీదికి వచ్చింది.

"నీ నోట్ల ఉన్నది సాలదానే చెల్లె, కూరల గూడ పోసినవ్?" అని, అయినా రెండోసారి వడ్డించుకుని తిని, పోయి నడుం వాల్చింది. సాయంత్రం టీ పెట్టి పిలిస్తే పలకలేదు. అలిగిందనుకున్నాను.

పదో రోజున చుట్టాలందరూ కూడారు. ఏడ్చేవాళ్లు ఏడ్చాక, తినేవాళ్లు తిన్నాక, మా మనవరాలు నా పక్కన చేరింది. హైదరాబాదులో ప్రకటనలు చేసే కంపెనీలో ఉద్యోగం. దుఃఖం మరిపించడానికనుకుంటాను, ఫోను తీసి తన పని చూపించింది.

"నాయనమ్మా, ఇప్పుడు మేం ఒక్కో యాడ్‌కు ఒక్కో వెబ్ అడ్రస్ పెడుతున్నం. కంపెనీ పేరుతోని కాదు, యాడ్‌ల ఉన్న మాటతోనే. ఒక్కసారి వింటే నోట్ల తిరగాలె. ఏ అడ్రస్‌కు ఎంతమంది వచ్చిన్రో చూస్తే ఏ యాడ్ పనిచేసిందో తెలుస్తది. లేటెస్ట్ ఐడియా!"

"లేటెస్టా?" అన్నాను. "నువ్వే కాదు, మీ నాన్న కూడా పుట్టకముందు మీ పెద్దనాయనమ్మ ఈ పని చేసింది. ఇదే ఊళ్లో. పోస్టుకార్డులతోటి."

పిల్ల నవ్వింది. ముసలిది దుఃఖంలో ఏదో అంటోందనుకుంది. నేను దుఃఖంలో ఉన్నా సరిగ్గానే మాట్లాడతాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

డెబ్బయ్యో దశకం మాట. మాది వరంగల్ బజారులో నూనెల దుకాణం. ముందు కొట్టు, వెనుక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. గల్లాపెట్టె దగ్గర మా మామగారు, తూకం దగ్గర బావగారు. మా ఆయన రైల్వే ఉద్యోగి, అక్కడ ఇక్కడ తిరిగేవారు. వంటనూనెలు బయటి నుంచి వచ్చేవి. తలనూనె ఒక్కటే ఇంట్లో తయారయ్యేది. అది మా యారాలు తన తల్లి దగ్గర నేర్చుకుని వచ్చిన నూనె. పుట్టింటి నుంచి తెచ్చుకున్న నగలు మామగారి వ్యాపారంలోకి, చీరలు ఆడబిడ్డల పెట్టెల్లోకి పోగా, ఆమె చేతిలో మిగిలింది ఆ నూనె చేసే తీరు. "ఈ ఇంట్ల ఇది నాది అని చెప్పుకునేటందుకు నాకు ఇదొక్కటే ఉన్నది చెల్లె" అని ఒకసారి అంది. ఏడుస్తూ కాదు. నూనె వడగడుతూ, గుడ్డ పిండుతూ అంది.

బావగారిది బట్టతల. తలనూనె అమ్మే కొట్లో అది అంత మంచి ప్రకటన కాదు కాబట్టి ఎండాకాలంలో కూడా టోపీ పెట్టుకుని కూర్చునేవారు.

అప్పుడే పట్నం నుంచి ఒక పెద్ద కంపెనీ తలనూనె దిగింది. రేడియోలో దాని పాట. మా వీధి పిల్లలు మా కొట్టు ముందే ఆ పాట పాడుకుంటూ గోలీలాడేవారు. మా సీసాల మీద దుమ్ము పేరుకోవడం మొదలైంది. మనం కూడా నాలుగు గోడల మీద రాయిద్దామని యారాలు అంటే మామగారు ఒప్పుకోలేదు. ఎప్పుడో ఒకసారి రాయించి చూశారట.

"గోడకు కొట్టిన సున్నం మల్ల రాదు బిడ్డా."

"నేను కొట్టే సున్నం కార్డై వస్తది మామా. జర చూడుండ్రి."

ఆమె ఆలోచన ఇది. అన్ని గోడల మీదా దుకాణం పేరే రాస్తే, వచ్చినవాడు ఏ గోడ చూసి వచ్చాడో ఎట్లా తెలుస్తుంది? అందుకని ఒక్కో గోడకు ఒక్కో అడ్రసు. దుకాణం పేరు ఉండదు, వీధి ఉండదు. రెండు మాటలు, కింద వరంగల్. స్టేషన్ రోడ్డు గోడ మీద "తల చల్లగుండాలంటే కార్డు రాయండి: చల్లని తల, వరంగల్." హన్మకొండ చౌరస్తా గోడ మీద "సాయంత్రం దువ్వెన, వరంగల్." కార్డు రాసినవాళ్లకు మేము జవాబు కార్డు వేస్తాం. అది వాళ్ల ఊళ్లో మా సరుకు ఉంచే కిరాణా కొట్లో చూపిస్తే చిన్న సీసా ఉత్తగనే, పైసా తీసుకోకుండా ఇస్తారు. ఏ పేరు మీద కార్డులు ఎక్కువ వస్తే ఆ గోడ ఉంటుంది. రాని గోడ మరుసటి నెల వదిలేస్తాం.

పోస్టాఫీసులో చెప్పి రమ్మని బావగారిని పంపింది. ఆయన పోయి, "చల్లని తల మేమే, సాయంత్రం దువ్వెన కూడా మేమే" అని చెప్పి, అక్కడున్న వాళ్లంతా కౌంటరు మీద పడి నవ్వితే టోపీ సర్దుకుని వచ్చారట. పని మాత్రం అయింది. ఆ తరువాత మా పోస్టుమ్యాన్‌కు రోజూ పండగే. కొట్టు ముందు సైకిల్ ఆపి, బావగారిని చూసి, "చల్లని తల సారూ! మీకే వచ్చినయి!" అని బజారంతా వినపడేలా పిలిచేవాడు.

పేరు పెట్టడం ఆమెకు ఆషామాషీ పని కాదు. బియ్యం ఏరుతూ ఒకటే పేరును పదిసార్లు అనుకునేది. నాలుక ఎక్కడైనా తట్టుకుంటే వదిలేసేది. నిలిచిన పేరును పొద్దున్నే కూరగాయలమ్మకు చెప్పేది. బేరం మధ్యలో, ఏదో మాటల్లో పడ్డట్టు, ఒక్కసారే. మరునాడు ఆమె గంప దించగానే అడిగేది: "నిన్న ఒక పేరు చెప్పిన, యాదికున్నదా?" కూరగాయలమ్మకు యాదికుంటేనే ఆ పేరు గోడెక్కేది. "గోడ చూసినోడు కలం పట్టుకొని నిలబడడు చెల్లె. ఇంటికి పోయి, అన్నం తిని, అప్పుడు ఎవరితోనో రాయిస్తడు. అప్పటిదాక పేరు నోట్ల ఉండాలె."

నేను బీఏ చదివి ఆ ఇంట్లో అడుగుపెట్టినదాన్ని. నా వంతుగా కొన్ని మంచి మంచి సమాసాలు ఇచ్చాను. ఒక్కటీ కూరగాయలమ్మను దాటలేదు. బావగారు ఇంకా ఘనులు. రెండు రోజులు ఆలోచించి "కేశ సౌభాగ్య నిలయం" అన్నారు. మా యారాలు ఆయన వైపు చూసి, "ఇది రాయాల్నంటే పక్కింటోళ్ల గోడ గూడ అడగాలె" అంది.

అన్ని పేర్లూ నూనె కోసమే పనిచేయలేదు. "తల్లి చెయ్యి, వరంగల్" అని ఒక బడి గోడ మీద రాయించింది. దానికి హాస్టలు పిల్లవాడొకడు కార్డు రాశాడు. నూనె మాటే లేదు. హాస్టలులో పప్పు నీళ్లలాగా ఉంటుందనీ, ఆదివారం ఎవరూ రారనీ, అంతే. మామగారు చూసి "దండుగ కార్డు" అన్నారు. ఆమె మాత్రం జవాబు రాసింది. "నూనె సీసా తీసుకో. ఈ కార్డు మాకు రాసినట్టే మీ అమ్మకు రాయి. మాకు రాస్తే సీసా వస్తది, ఆమెకు రాస్తే ఆమే వస్తది."

తరువాతది "నిండుజడ వదిన, వరంగల్."

ఇది గోడ కోసం కాదు, సినిమా హాళ్లలో ఇంటర్వెల్‌కు వేసే స్లైడు కోసం. గాజుపలక మీద ఒక ఆడమనిషి బొమ్మ ఉండాలి, ముఖం కనిపించకూడదు, మోకాళ్ల దాకా జడ ఉండాలి అంది. పెయింటరు అంత జడ తాను ఎక్కడా చూడలేదు కాబట్టి వేయలేనన్నాడు. మా యారాలు నన్ను పిలిచి, అటు తిరిగి నిలబడమంది. అప్పట్లో నాకు ఆ జడ ఉండేది. ఇప్పుడు నన్ను చూసినవాళ్లు నమ్మరు, నమ్మాల్సిన పని కూడా లేదు. మామగారికి తెలియకుండా, పెరట్లో, బట్టలు ఆరేస్తున్నట్టు దండెం పట్టుకుని నిలబడ్డాను. ఆ నెల నుంచి వరంగల్, హన్మకొండ, కాజీపేట హాళ్లలో ఇంటర్వెల్ కాగానే తెర నిండా నా వీపు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి స్నేహితులతో సినిమాకు పోయి, గుర్తుపట్టి, ఇంటికొచ్చి అన్నం తినలేదు. రెండో రోజు తిన్నారు.

ఆ పేరుకు వచ్చినన్ని కార్డులు ఏ పేరుకూ రాలేదు. వచ్చినవాటి తీరు కూడా వేరు. వదిన అన్నాం కదా, వదినతో చెప్పుకునేవన్నీ రాశారు. కాన్పు తరువాత దువ్వెన నిండా జుట్టు వస్తోందని ఒకామె. కొప్పు చిన్నదైపోయి పెళ్లిళ్లకు పోబుద్ధి కావడం లేదని ఇంకొకామె. మధ్యాహ్నం అన్నాలు కాగానే ఆమె కార్డులు ఒళ్లో పోసుకుని చదివేది, ఒక్కోదానికీ జవాబు రాసేది, కింద "వదిన" అని సంతకం పెట్టేది. మొదట్లో ముచ్చటపడేది. రానురాను ఆ సంతకం దగ్గర కలం ఆగడం చూశాను. "ఏందక్కా?" అంటే, "వీళ్లు నూనె అడుగుతలేరే. మనిషిని అడుగుతాన్రు" అంది.

కార్డులు వచ్చినంత మాత్రాన అమ్మకాలు పట్నం కంపెనీని మించలేదు. ఆ కంపెనీ మనిషి మామగారి దగ్గరకు రావడం మొదలుపెట్టాడు. జిల్లా ఏజెన్సీ ఇస్తాం, షరతు ఒకటే, ఇంట్లో చేసే తలనూనె బందు పెట్టాలి. మామగారు లెక్కలు తెలిసిన మనిషి. మేడారం జాతర దగ్గర పడుతోంది, జనం లక్షల్లో కదులుతారు, ఆ లోపే సరుకు దింపుకుంటే లాభమని ఒప్పుకున్నారు. సంతకం పెట్టే రోజు కూడా ఖాయమైంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మధ్యలో ఉన్నది ఒక్క తలుపే కదా, విన్నది. వారం పాటు పేర్లు అనుకోవడం మానేసింది. బియ్యం ఊరికే ఏరింది.

ఆ రోజు పొద్దున్నే కొట్టు తెరిచి నీళ్లు చల్లారు. కంపెనీ మనిషి కాగితాలతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, నేను టీ పంపాను. ఇంకా బోణీ కాలేదు. అంతలో మరిపెడ నుంచి వచ్చిన మొదటి బస్సు దిగి ఒక తల్లీ కూతురూ కొట్టు ముందుకు వచ్చారు. తల్లి చేతిలో బెల్లం పొట్లం. పిల్ల పదో తరగతి వయసుది, తలకు తువ్వాల గట్టిగా చుట్టుకుని ఉంది. తలుపు సందులోంచి మేమిద్దరం చూస్తున్నాం.

"నిండుజడ వదిన ఇల్లు ఇదేనా అయ్యా?"

బావగారు టోపీ సర్దుకున్నారు. "ఎవరమ్మా మీరు?"

"మాది మరిపెడ అవతల. సినిమాల చూసినం ఆమెను. కార్డు రాస్తే జవాబిచ్చింది గూడ. పోస్టాఫీసుల అడిగితే ఈడికి తోలిన్రు. నా బిడ్డకు టైఫాయిడ్ జరమొచ్చి జుట్టంత ఊడింది. బడికి పొమ్మంటే పోతలేదు, ఇంట్లనే మూలకు కూసుంటాంది. మేడారం తల్లులకు మొక్కిన, ఈ వదినకు కార్డు రాసిన. ఒక్కపాలి ఆమె చేత్తోటి నూనె పెట్టిపిస్తె సాలు. వట్టి చేతులతోటి రాలే."

బావగారు లేచి లోపలికి వచ్చేశారు. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడే అలవాటు లేదు కాబట్టి, నేను పక్కనే ఉన్నా తన భార్యకే చెప్పారు.

"ఏమే, చెల్లెను జర ముందుకు తోలు. జడ ముందటికేసుకొని రమ్మను. నూనె పెట్టి పంపిచ్చేస్తది. ఎనక నుంచి చూసిన్రు గని ముఖం ఎవరికెరుక?"

నేను చేతులు తుడుచుకుని కదిలాను. ఆమె తలుపుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వాగు చెల్లె."

"పోతే ఏమైతదక్కా? ఆ వీపు నాదే గదా."

"వీపు నీదే. మాట నాది."

ఆమె ఎప్పుడూ మామగారి ముందు కొట్లోకి వెళ్లేది కాదు. ఆ రోజు వెళ్లింది. కొంగు నిండుగా కప్పుకుని, మామగారికి ఒక పక్కగా నిలబడి, తన జడ తీసి ముందుకు వేసింది. మర్యాదగా చెబితే సన్నజడ. ఆమె మాటలోనే చెబితే ఎలుకతోక.

"అమ్మా, ఆ జవాబు రాసింది నేను. నా జుట్టు ఇది."

తల్లి ఆమె జడ వైపు చూసింది, గోడ మీది మా సీసాల వైపు చూసింది. "మరి సినిమాల ఉన్నామె?"

"ఆమె మా యారాలు. ఇంట్లనే ఉన్నది. ఆ జడ ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. మా నూనె అంటకముందే గంత ఉండె."

కుర్చీలోని కంపెనీ మనిషి టీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. మామగారు గల్లాపెట్టె మూత వైపు చూస్తూ ఉండిపోయారు. తల్లికి సంగతి తెలిసి వచ్చేసరికి కాస్త సమయం పట్టింది. తెలిశాక మాత్రం బజారు వినేలా అందుకుంది.

"మరి గోడలకు, సినిమాలకు గీ అబద్ధాలెందుకు? ఉన్న పని ఇడిచిపెట్టి, బిడ్డను బతిలాడి బస్సెక్కిచ్చి తెచ్చిన! లేని వదినకు నేను బెల్లం పట్టుకొచ్చిన!"

"తప్పే. తిట్టు. తిట్టినంక జర కూసో, నీళ్లు తాగు."

అప్పుడు ఆ పిల్ల నోరు తెరిచింది. తువ్వాల కొంచెం వెనక్కి జరుపుకుని, మా యారాలి జడను పరీక్షగా చూసి, "అమ్మా, ఈమెకు గూడ ఎక్కువేం లేదే" అంది.

నేను తలుపు వెనుక నోరు మూసుకున్నాను. మా యారాలు మాత్రం గట్టిగా నవ్వేసింది. మామగారి ముందు ఆమె నవ్వడం అదే మొదటిసారి. పిల్ల పక్కన మెట్టు మీద కూర్చుని చెప్పింది.

"ఇగో బిడ్డా, జరంతోటి పోయిన జుట్టు దానంతట అదే వస్తది. మా నూనె పెట్టినా వస్తది, పెట్టకున్నా వస్తది. గీ ముచ్చటకు బడి బందు పెడతరా? టైఫాయిడ్ వచ్చి లెక్కలు గిట్ల మర్చిపోయినవా?"

"లెక్కలు ముందుగాల్నే రావు" అంది పిల్ల.

కంపెనీ మనిషి కలం మూత తీసి మామగారి వైపు జరిపాడు. "సేఠ్, మీ కోడలే మీ నూనెను పాడె ఎక్కిచ్చింది. ఇగ సంతకం పెట్టుండ్రి."

తల్లి ఆ మాటలు పట్టించుకోలేదు. మా యారాలినే అడిగింది. "జుట్టు మొలవదంటివి. మరి మీ నూనె ఎందుకు?"

"ఉన్న జుట్టు నిలుస్తది. చిక్కు పడదు. తల చల్లగుంటది. గంతే."

ఆ తల్లి కొంగుముడి విప్పుతూ, "గంతే అన్నవు సూడు, దానికి నమ్ముత. ఒక సీసా ఇయ్యి" అంది.

"నీకాడ పైసలు తీసుకోను."

అప్పుడు మామగారు మాట్లాడారు. ఆ పొద్దున ఆయన మాట్లాడిన మొదటి మాట అది. "ఉత్తగ ఇస్తే బోణీ గాదు." లేచి తానే సీసా తీసి ఇచ్చారు. చిల్లర తీసుకుని, కళ్లకద్దుకుని, పెట్టెలో వేశారు.

వ్యాపారస్తుల ఇళ్లలో పెరిగినవాళ్లకు చెప్పక్కరలేదు. మిగతావాళ్లు తెలుసుకోండి. పొద్దున ఏ సరుకుతో బోణీ అవుతుందో, ఆ రోజు ఆ సరుకును మా వాళ్లు కాదనరు. దాని గురించి చెడ్డమాట కూడా అనరు. అంటే లక్ష్మి మొహం తిప్పుకుంటుందని నమ్మకం.

"సంతకం సేఠ్" అన్నాడు కంపెనీ మనిషి.

"ఇయ్యాల గాదు."

"అన్నీ మాట్లాడుకున్నం గదా?"

"మాట్లాడుకున్నం. గని మా నూనెతోటి బోణీ అయినంక, మా నూనె బందు అని ఇయ్యాల ఏ చేత్తోటి రాస్త? రేపు రాండ్రి."

"రేపు నేను ఖమ్మంల ఉండాలె."

"అయితే జాతర అయినంక చూద్దాం."

అతను కాగితాలు సంచిలో పెట్టుకుని, టీ పూర్తిగా తాగకుండానే పోయాడు. నేను చదివిన అర్థశాస్త్రంలో బోణీ గురించి ఒక్క పాఠం కూడా లేదు. ఉండాల్సింది.

ఆ తల్లీ కూతురూ మధ్యాహ్నం దాకా మా ఇంట్లోనే ఉన్నారు. మా యారాలు పిల్ల తలకు నూనె పెట్టింది, ఎలాగూ వచ్చారు కదా అని. పిల్ల నా జడను చేతిలోకి తీసుకుని చూసి, "బరువుండదా అత్తా?" అని అడిగింది. ఉంటుందని చెప్పాను. ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. వాళ్లు తెచ్చిన బెల్లంలో సగం తీసుకుని, మిగతా సగం జాతరలో తల్లులకు ఇమ్మని మా యారాలు తిరిగి చేతిలో పెట్టింది.

వాళ్లు బస్టాండుకు బయలుదేరగానే పెయింటరుకు కబురు పోయింది. నిండుజడ వదిన స్లైడు అన్ని హాళ్ల నుంచి వాపసు తెప్పించింది. జాతర బస్సుల వెనుక రాయడానికి అంతకుముందు అనుకున్న పేరు కొట్టేసి, కొత్త పేరు చెప్పింది: "ఉన్న జుట్టు, వరంగల్."

బావగారు దిగాలు పడిపోయారు. "ఇదేం పేరే? నూనె అమ్ముతాన్నవా, పరామర్శకు పోతాన్నవా?"

మరునాడు కూరగాయలమ్మ గంప దించకముందే, ఎవరూ అడగకముందే, తన కొప్పు మీద చెయ్యి వేసుకుని, "ఉన్న జుట్టు!" అని పకపకా నవ్వింది. ఇక ఆ పేరుకు ఎదురులేదు.

మేడారం పోయే బస్సుల వెనుక, ఎడ్లబండ్ల పక్కన, దారిలో టీ కొట్ల తడకల మీద అదే రాయించింది. జనం నడుస్తూ చదివారు, చదవలేనివాళ్లకు చదివినవాళ్లు చెప్పారు, అందరూ తలలు తడుముకున్నారు. జాతర అయ్యాక వచ్చిన కార్డుల బరువుకు మా పోస్టుమ్యాన్ సైకిల్ దిగి నడిచి వచ్చాడు. "ఇన్నేండ్లకు నిజం చెప్పే నూనె చూసినం" అని ఒకాయన రాశాడు. "ఉన్న జుట్టు సంగతి సరే, లేని జుట్టుకు ఏ అడ్రసుకు రాయాలె?" అని ఇంకొకాయన. దానికి ఆమె జవాబు: "దుకాణానికి వచ్చి మా ఆయనను అడుగుండ్రి. టోపీ ఎక్కడ దొరుకుతదో చెప్తడు." ఆ జవాబుల కింద వదిన అని సంతకం లేదు. తన పేరు రాసింది.

కంపెనీ మనిషి జాతర తరువాత వచ్చాడు. మామగారు టీ ఇచ్చి, కార్డుల సంచి చూపించి, "మీ సరుకు గూడ పెడతం గని మాది బందు చెయ్యం" అన్నారు. షరతు మారదన్నాడతను. అయితే టీ తాగి పొమ్మన్నారు ఈయన. ఆ తరువాత మామగారు ఏ గోడకూ అడ్డు చెప్పలేదు. ఆమెను మెచ్చుకోనూ లేదు. ఒక్కటే మారింది. సాయంత్రం కొట్టు కట్టేముందు తలుపు దగ్గరకు వచ్చి, "బిడ్డా, రేపటికి ఏం పేరు?" అని అడిగేవారు.

మరిపెడ పిల్ల దగ్గర నుంచి ఆ ఎండాకాలంలో కార్డు వచ్చింది. జుట్టు వచ్చిందనీ, ఉంగరాలు ఉంగరాలుగా వచ్చిందనీ, బడికి పోతున్నాననీ, లెక్కలు మాత్రం రాలేదనీ. "ఇదంతా మీ నూనెతోటే అని మా అమ్మ ఊరంతా చెప్తాంది. కాదంటే ఇంటలేదు." మా యారాలు దాన్ని మామగారికి చదివి వినిపించి, "నేనేం చెయ్యను, నిజం చెప్పినా అబద్ధమే నమ్ముతాన్రు" అని నెత్తి కొట్టుకుంది. ఆయన మీసాల్లో నవ్వారు.

ఎనభైల దాకా అట్లాగే నడిచింది. తరువాత షాంపూ పాకెట్లు ప్రతి కిరాణా కొట్లో తోరణాలై వేలాడాయి, ఆడపిల్లలు జిడ్డు వద్దన్నారు, మామగారు పోయారు, గోడలకు సినిమా పోస్టర్లవాళ్లు ఎక్కువ డబ్బు ఇచ్చారు. ఎవరూ ఓడించలేదు, కాలం వేరే వీధికి మళ్లింది. ఆమె కొట్లో అమ్మడం ఆపింది కానీ చేయడం ఆపలేదు. అడిగినవాళ్లకు, అడగకుండా తల చూపించినవాళ్లకు ఇచ్చేది. మీలో సగం మంది తలలకు ఆ నూనె అంటుకునే ఉంటుంది. తెలియకపోతే మీ అమ్మలను అడగండి.

మా మనవరాలు ఇదంతా విని, "మేం గూడ అంతే నాయనమ్మా, ఎంతమంది వచ్చిన్రో చూస్తం" అంది. "వచ్చినవాళ్లు ఏం రాశారో చదువుతారా?" అన్నాను. "రాయడానికి అక్కడ ఏం ఉండదు" అంది. పాపం పిల్ల. దాని తప్పేముంది, కార్డులు వచ్చే కాలంలో పుట్టలేదు.

ఇక అసలు పని. పదో రోజు నుంచి నన్ను పలకరించినవాళ్లంతా రెండు మాటలు ఓదార్చి, మూడో మాటగా, "ఇగ ఆ నూనె ఉండదు గదా" అంటున్నారు. ఉంటుంది. నేను చేస్తాను. నన్ను మూకుడు దగ్గరకు రానిచ్చేది కాదు, నా మాటల వేడికి నూనె మాడుతుందనేది. కానీ అన్నేళ్లు పక్క పొయ్యి మీద అన్నం వండినదాన్ని, ఆమె ఎప్పుడు ఏం వేసేదో నా కళ్లకు తెలుసు. నాకు లేనిది ఆకు ఒక్కటే. అది పాలంపేట వైపు వరి మళ్ల గట్ల మీద తడిలో మొలుస్తుంది, గుంటగలగరాకు. ఆమెకు ఇష్టం అక్కడిదే. నా మోకాళ్లు ఇప్పుడు గట్లెక్కవు.

కాబట్టి రామప్ప గుడికని అటు వెళ్లేవాళ్లు కాస్త ఆగి కోసుకురండి. తెల్లపూలదే తేవాలి, పచ్చపూలది వద్దు. పొలం వాళ్లను అడిగి కోయండి. ప్లాస్టిక్ కవర్లో కుక్కకుండా తడిగుడ్డలో చుట్టండి, ఎండ తగలనీయకండి, పొద్దెక్కకముందే తెచ్చి ఇవ్వండి. అనుమానం వస్తే కాడ తుంచి వేళ్ల మధ్య నలపండి, కాసేపటికి రసం నల్లబడుతుంది. ఆ మరక వెంటనే కడుక్కోకండి. పొయ్యి వెలిగించే ముందు ఒకసారి మీ వేళ్లు చూస్తాను.